నాగావ్ గోడ మీది ముడులు

ముంబై పక్కనున్న భివండి పోయొచ్చానని చెబితే మా కాలేజీ స్టాఫ్‌రూంలో ఒకరు "షిర్డీ దారిలోనా?" అన్నారు. ఇంకొకరు "అక్కడ చూడ్డానికి ఏముంది?" అన్నారు. ఆ రెండో ప్రశ్నకు జవాబుగానే ఇది రాస్తున్నాను. నిజం చెప్పాలంటే చూడ్డానికి ఏమీ లేదు. మరమగ్గాల షెడ్లు, నూలు దుకాణాలు, గతుకుల రోడ్లు, ఆ గతుకుల్లో ఎగిరెగిరి పడే ఆటోలు. నేను కూడా ఊరు చూడ్డానికి వెళ్ళలేదు, మా సుగుణ వదిన చేతి సర్వపిండి తినడానికి వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు మాత్రం సంచిలో రెండు నూలు కోన్‌లు, తలలో ఏడాదిగా తెగని ఒక లెక్కకు దారి దొరికాయి.

ఆ లెక్క సంగతి ముందే చెప్పాలి. నేను కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతాను. పిల్లల పెళ్ళిళ్ళ గురించి ఆలోచించాల్సిన వయసులో పీహెచ్‌డీ మొదలుపెట్టాను. మా ఆయన దీన్ని 'నీ గూఢచారి చదువు' అంటారు. రహస్యాలను దాచే గణితం కాబట్టి ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆ శాస్త్రంలో జీరో నాలెడ్జ్ ప్రూఫ్ అని ఒకటుంది. నాకొక గుట్టు తెలుసని మీకు నమ్మకం కుదరాలి, కానీ ఆ గుట్టులో ఒక్క ముక్క కూడా మీకు అందకూడదు. వినడానికి మాయలా ఉంటుంది గానీ కుదురుతుంది. చిక్కంతా అడిగేవాళ్ళు పెరిగినప్పుడు వస్తుంది.

రైల్లో

ఎదుటి బెర్తులో షోలాపూర్ తెలుగాయన, రిటైరైన బస్సు కండక్టరు, కళ్యాణ్‌లో కూతురి దగ్గరికి పోతున్నాడు. నా ఒళ్ళో కాగితాలు చూసి ఏం చదువుతున్నావమ్మా అని అడిగాడు. పైన చెప్పిందే చెప్పాను. ఆయన వినేసి, తెలిసింది చెప్పకుండా తెలుసని నమ్మించడం తన భార్య పెళ్ళైన నాటి నుంచీ చేస్తోందని, దానికి పట్టా ఎందుకని అన్నాడు. నవ్వాను గానీ కొంచెం ఉడుక్కున్నాను కూడా.

అసలు కష్టం వేరే అని ఆయనకు వివరించాను. అడిగేవాడు ఒక్కడైతే గుట్టు నిలుస్తుంది. పదిమంది ఒకేసారి వచ్చి, ఒకరి ప్రశ్న సగంలో ఉండగా ఇంకొకరు దూరి, వీడికొచ్చిన జవాబు చూసి వాడు ప్రశ్న మార్చుకుంటూ అడిగితే నిలుస్తుందా? ఏ సంభాషణకు ఆ సంభాషణ విడిగా చూస్తే భద్రమే. అన్నీ కలగలిస్తే భద్రమని చెప్పడం మహా కష్టం. నా మూడో అధ్యాయం సరిగ్గా అక్కడే ఆగి కూర్చుంది. ఆయన మర్యాదగా అంతా విని, పండగ రోజు బస్సులో టికెట్లు కొట్టినవాడికి ఆ కష్టం తెలుసని చెప్పి, డబ్బాలోంచి శెంగా చట్నీ పూసిన జొన్నరొట్టె ఇచ్చాడు. మా పల్లీ పచ్చడి తడిగా ఉంటుంది, వాళ్ళది పొడి. ఆ పొడిలో పడ్డ వెల్లుల్లి ఘాటు కళ్యాణ్ వరకు నోట్లోనే ఉంది.

నాగావ్

కళ్యాణ్ నుంచి వచ్చిన షేర్ ఆటోవాడు నన్ను భివండిలోని నాగావ్ పేటలో తప్పు గల్లీ మొదట్లో దించేసి పోయాడు. దారి అడుగుదామంటే నా గొంతు నాకే వినపడలేదు. రెండు వైపులా షెడ్లు, ప్రతి షెడ్డులోనూ మగ్గాలు. మా సిరిసిల్లలో మగ్గాల చప్పుడు విన్నదాన్నే, కానీ అక్కడ ఊరి మధ్యలో చప్పుడుంటుంది, ఇక్కడ చప్పుడు మధ్యలో ఊరుంది. చివరికి ఒక షెడ్డు గుమ్మంలో నిలబడి చేతి సైగలతో అడిగితే లోపలి మనిషి తెలుగులోనే అరిచాడు. ఈ గల్లీలో సగం మందిది కరీంనగర్, సిరిసిల్ల వైపే. హిందీ కూడబలుక్కుని వెళ్ళిన నాకు సిగ్గేసింది.

సుగుణ వదిన మా మేనత్త కూతురు. నాకంటే పెద్దది. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఇక్కడే కండెలు చుట్టే పని చేసింది. ఆమె భర్త రాజేశమన్న మల్లేశం సేటు అనే ఆసామి (మగ్గాల యజమానిని ఇక్కడ అలా అంటారు) కార్ఖానాలో మగ్గాలు నడుపుతాడు. ఒకే గది ఖోలీ, దానికి అటకలాంటి మరో అర, గుమ్మం ముందు నలుగురు కూర్చునేంత అరుగు. కూతురు పూజ మరాఠీ బడిలో చదివి ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. నన్ను చూడగానే "అత్తమ్మా, కశీ ఆహేస్, మంచిగున్నవా?" అని రెండు భాషల్లోనూ ఒకే ఊపిరిలో పలకరించింది.

వదిన సర్వపిండి తట్టలేదు. కుడి భుజం పైకి లేవడం లేదట. పిండి పూజ కలిపింది, రాజేశమన్న గిన్నెకు ఒత్తాడు. మా వైపు మగవాళ్ళు పిండి ఒత్తడం నేను చూడలేదు. ఇక్కడ ఎవరి షిఫ్టు అయిపోతే వాళ్ళు వండుతారు, అందులో వింతేమీ లేదు. పిండి బాగుంది, వదిన చేతిది కాకపోవడమే లోటు. ఆ మాట పైకి అనేసి, ఆమె ముఖం చూసి, ఎందుకన్నానా అనుకున్నాను.

భుజం పోతే కండెల పని పోయినట్టే. అయితే వదిన దగ్గర ఇంకొకటి ఉంది. నూలు కోన్ చేతికిస్తే అది ఏ లాటుదో, అంటే మిల్లులో ఏ విడత వడికిందో చెప్పేస్తుంది. బజారులో వచ్చే బస్తాల్లో ఒక్కోసారి రెండు లాట్ల నూలు కలిసిపోయి ఉంటుంది. రెండూ తెల్లగానే ఉంటాయి, నేసిన బట్టా తెల్లగానే ఉంటుంది. రంగు వేశాకే అడ్డంగా చారలు తేలతాయి. అప్పటికి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, బట్ట థాన్లకు థాన్లు వెనక్కి వస్తాయి. నేతకు ముందే కోన్‌లను వేరుచేసే మనిషి ఉంటే ఆ బాధ ఉండదు. గల్లీలోని కొందరు ఆసాములు కలిసి ఆ పనికి వదినను నెల పగారుకు పెట్టుకుందామనుకుంటున్నారు. కూర్చుని చేసే పని, భుజం ఎత్తనక్కర్లేదు. కుదరకపోతే మాన్కోలి గోదాముల్లో ప్యాకింగ్, లోడింగ్. అక్కడి ముకద్దం, అంటే కూలీల మేస్త్రీ, ఇప్పటికే ఒకసారి కబురు పెట్టాడట.

శెనగ, చింతగింజ

మర్నాడు పరీక్ష చూశాను. ఆసామి ఎవరికి వారే వచ్చి వదినను పరీక్షించుకోవచ్చు. బజారులో నడుస్తున్న పాత, కొత్త లాట్ల నుంచి తనకు తెలిసిన ఒక్కో కోన్ తెస్తాడు. చాటుకు పోయి అందులో ఒకటి తీసుకుంటాడు. పాత లాటుదైతే ఒక శెనగ గింజ, కొత్తదైతే ఒక చింతగింజ స్టీలు గ్లాసు కింద బోర్లించి పెడతాడు. కోన్ వదినకు ఇస్తాడు. వదిన గోడవైపు తిరిగి, కొంగు కప్పుకొని, లోపల ఏం చేస్తుందో ఏమో చేసి, ఇటు తిరిగి శెనగో చింతగింజో చెబుతుంది. అప్పుడు గ్లాసు ఎత్తుతారు. అనుమానం తీరేదాకా మళ్ళీ మళ్ళీ.

నాకు ఒళ్ళు పులకరించింది. పుస్తకాల్లో గుహలూ రంగుబంతులూ పెట్టి చెప్పే పాఠం అరుగు మీద నడుస్తోంది. ఆసామికి వదిన చెప్పే ప్రతి జవాబూ తను గ్లాసు కింద పెట్టిందే, అంటే ముందే తెలిసిందే. కొత్తగా తెలిసేదల్లా ఈమెకు విద్య వచ్చుననే సంగతి ఒక్కటే. ఒకవేళ ఎవడైనా తనకే తెలియని కోన్ తెచ్చి, గ్లాసు కింద గుడ్డిగా ఒక గింజ పెట్టి, పరీక్ష పేరుతో ఉచితంగా పని చేయించుకోబోతే ఒకటి రెండు సార్లలోనే గింజ తప్పుతుంది. తప్పిన క్షణాన వదిన గ్లాసు పక్కకు నెట్టి, "నీకే తెల్వది నన్నేమడుగుతవ్?" అని లేస్తుంది. కొంగు చాటున ఏం చేస్తావని నేనడిగితే నవ్వి, "నీకు చెప్తే నాకేం మిగుల్తది?" అంది.

కరెంటు పోయిన పూట

భివండిలో కరెంటు పోతే ఏమవుతుందో బయటివాళ్ళకు తెలియదు. మా ఊళ్ళో కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది. ఇక్కడ ఊరు ఆగుతుంది. ఆ రోజు మధ్యాహ్నం ఒక్కసారిగా నిశ్శబ్దం పడేసరికి నా చెవులు గింగురుమన్నాయి. వెనువెంటనే షెడ్లలోంచి జనం బయటికొచ్చారు. అప్పటిదాకా ఎవరికీ తీరిక లేదు, ఇప్పుడు అందరికీ ఒకేసారి దొరికింది. టపరీ కొట్టు దగ్గర సగం గ్లాసు కటింగ్ చాయ్ కోసం వరుస. వదిన అరుగు దగ్గర గుంపు. పరీక్ష చేసుకోవలసిన వాళ్ళంతా కోన్‌లు పట్టుకొని దిగారు.

వాళ్ళలో మల్లేశం సేటు మనుషులు నలుగురైదుగురు ఉన్నారని మాకు తర్వాతే తెలిసింది. తలా కొన్ని కోన్‌లు తెచ్చి, మేం ఫలానా కార్ఖానా, మేం ఫలానా కార్ఖానా అని వేర్వేరు పేర్లు చెప్పారు. కొత్త షెడ్లు వస్తూనే ఉంటాయి, ఎవరూ ఆరా తీయలేదు. ఆ పూట వదిన ఒక పొరపాటు చేసింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చిందంటే అందరూ మగ్గాల దగ్గరికి పరుగెత్తాలి. అందుకని గ్లాసులన్నీ అరుగు మీద బోర్లించి ఉంచండి, ముందు అందరికీ జవాబులు చెప్పేస్తాను, చివర్న ఒకేసారి ఎత్తుదాం అంది. తొందర మీద బతికే ఊళ్ళో అది తప్పని ఎవరికీ తోచలేదు. వీడి కోన్ చూసి వాడికి జవాబు, వాడిది సగంలో ఉండగా ఇంకొకడిది. నేను టపరీలోంచి తెచ్చుకున్న వడాపావ్ తింటూ సంబరంగా చూస్తున్నాను. మా ఊళ్ళో ప్లేటు ఇడ్లీ ధరకే వస్తుంది గానీ అందులోని పచ్చిమిర్చి మనిషిని ఏడిపిస్తుంది.

గ్లాసులు ఎత్తేసరికి సగం తప్పులు. ఆ నలుగురైదుగురి గ్లాసుల కింద ఉన్న గింజలకూ వదిన మాటకూ పొంతన లేదు. వాళ్ళు పగలబడి నవ్వి, సుగుణక్క చేతి మహిమ అయిపోయిందని కోన్‌లు సర్దుకొని పోయారు. మిగతా ఆసాములు ముఖాలు చూసుకున్నారు. అంతలో కరెంటొచ్చింది, మగ్గాలన్నీ ఒక్కసారే మొదలయ్యాయి. వదిన ఏదో అంటోంది గానీ వినపడలేదు. ఆ మాట వినడానికి ఎవరూ ఆగలేదు కూడా.

సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన రాజేశమన్న అన్నం ముందు కూర్చొని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు. తర్వాత చెప్పాడు. సేటు షెడ్డులో ఒక మూల కోన్‌లు రెండు కుప్పలుగా వేరుచేసి ఉన్నాయట. అన్నీ ఒకే బస్తావి. ప్రతి కోన్ గొట్టం మీదా పెన్సిల్‌తో శె అనో చిం అనో ఒక గుర్తు.

"గా గుర్తులు నువ్వు జెప్పినయే సుగుణా. బస్తా మొత్తం ఫుకట్‌ల జేపిచ్చుకున్నడు. నేను జూసిన అని నేనెవ్వలకు జెప్పాలె? రేపు గదే షెడ్డుకు నేను పోవాలె."

వదిన లేచింది. కంచం తీసి కడిగింది. ఎడమ చేత్తోనే కడిగింది. నాకు చాలా బాధేసింది, కోపం కూడా వచ్చింది, ఎవరి మీద చూపాలో తెలియలేదు.

మాన్కోలి

మరుసటి రోజు వదిన మాన్కోలి బయల్దేరింది, తోడుగా నేనూ వెళ్ళాను. గోదాముల మధ్య నడుస్తుంటే ఊరి మధ్య నడుస్తున్నట్టు ఉండదు, రేకు గోడల మధ్య దారి తప్పినట్టు ఉంటుంది. లారీలు వెనక్కి వస్తూ కూతలు పెడుతుంటాయి. లోపల ఆడవాళ్ళు నిలబడి డబ్బాలకు టేపు వేసి, భుజం ఎత్తున ఉన్న అరల్లోకి తోస్తున్నారు. మా జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకామె టేపు పళ్ళతో తెంపుతూనే నాతో మాట్లాడింది. ఊళ్ళో భూమి లేదని, మొగుడు మగ్గం మీద, తాను ఇక్కడ అని, పని మంచిదేనని, నిలబడగలిగినంత కాలం మంచిదేనని చెప్పింది. భోజనానికి తెచ్చుకున్న మొక్కజొన్న రవ్వ మక్కగట్కలో ఒక ముద్ద నాకూ పెట్టింది. ఊళ్ళో తినడం మానేసిన గట్క నాకు మాన్కోలిలో దొరికింది.

ముకద్దం చెడ్డవాడేమీ కాదు. వదినను ఒక డబ్బా ఎత్తి పై అరలో పెట్టి చూపమన్నాడు. వదిన ఎత్తింది. భుజం దాకా వచ్చి డబ్బా ఆగింది. పళ్ళు బిగబట్టి పెట్టేసింది. కాసేపు ఆమె ముఖాన రంగు లేదు. వచ్చే సోమవారం నుంచి రమ్మన్నాడు అతను.

తిరుగు దారిలో ఆటో ఎక్కాం. నేను ఆ గ్లాసుల గురించే ఆలోచిస్తున్నాను. ఒక్కడే ఐతే మొదటి తప్పు గింజ దగ్గరే దొరికేవాడు, ఒక కోనో రెండు కోన్‌లో ఉచితంగా పట్టుకుపోయేవాడు, అంతే. ఇక్కడ గ్లాసు ఎత్తడం ఆలస్యమయ్యేసరికి ఏ ఒక్కడూ మధ్యలో దొరకలేదు. ఒక్కొక్కడు తెచ్చింది కొద్దే, కానీ అవన్నీ ఒకే బస్తా ముక్కలు. సంభాషణలు అల్లుకుపోయాయి, వాటి వెనకున్న మనిషి ఒక్కడే. నా మూడో అధ్యాయంలో నేను ఏ దొంగను పట్టుకోలేక కాగితాలు చించానో వాడే నాగావ్ అరుగు మీద కూర్చొని చాయ్ తాగి పోయాడు.

ఇంటికొచ్చాక అదే వదినకు చెప్పాను. తప్పు నీ చేతిది కాదు, అందరినీ కలగలిపిన వరుసది అని. ఆమెకు మొదట ఊరటగా అనిపించింది, తర్వాత విసుగొచ్చింది.

"ఐతే ఒక్కొక్కల్నే రమ్మనాల్నా? కరెంట్ పోతేనే గదా అందరు ఖాళీ అయ్యేది. లైన్ల నిలవడుండ్రి అంటే ఎవడుంటడు శారదా? ఒక్కన్ని జూసేసరికి కరెంటస్తది, మిగిలినోళ్ళు పోతరు. మల్ల రారు."

నిజమే. ఒక్కొక్కరినే పిలవడం అనేది పుస్తకంలో సులువు, భివండిలో కాదు. అందరూ ఒకేసారి రావాలి, అయినా గుట్టు నిలవాలి. మా శాస్త్రంలో దానికొక దారి ఉంది. అడిగేవాళ్ళంతా అడగడానికి ముందే తమ తమ గుర్తును అందరికీ కనబడే చోట పెట్టాలి. ఆ గుర్తును ఎవరైనా చూసి పోల్చుకోవచ్చు, దాని వెనక తాళం మాత్రం దాని సొంతదారు దగ్గరే ఉంటుంది. దాన్నే పబ్లిక్ కీ అంటారు. గుర్తు లేనివాడికి జవాబు లేదు. ఒక గుర్తు పేరు మీద ఎంతమంది వచ్చినా, ఎన్నిసార్లు వచ్చినా, వాళ్ళంతా ఒక్కడి కిందే లెక్క. ఇదంతా చెప్పి, ఐతే ఇక్కడ అలాంటి గుర్తు ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

వదిన అటక మీది ఖాళీ బస్తా లాగింది. దాని మూతికి ఎర్ర, పచ్చ దారాలు పెనవేసిన ముడి ఉంది. ఈ గల్లీలో ఒక ఆచారం. అన్ని కార్ఖానాల బస్తాలూ ఒకే టెంపోలో వస్తాయి, పోతాయి. కలిసిపోకుండా ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి రంగుల దారంతో, ఆ ఇంటి పద్ధతిలో మూతి కడతారు. చూసి ఎవరిదో చెప్పడం గల్లీలో చిన్నపిల్లకూ వచ్చు. కట్టడం మాత్రం ఆ ఇంటి చేతికే వస్తుంది. పక్కింటివాళ్ళు కట్టబోతే దారం పెనవేసిన తీరులోనే తేడా తెలిసిపోతుంది.

ఆ ముడి వంక చూస్తూ నేను ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పూజ వచ్చి "అత్తమ్మా, కాయ్ ఝాలం, ఏమైంది?" అని నా భుజం తట్టాకే లేచాను.

గోడ

రెండు రోజులు వదిన తానే ఇల్లిల్లూ తిరిగి కొత్త పద్ధతి చెప్పింది. పాత పరీక్షలో తప్పు తనదా వాళ్ళదా అనే వాదన పెట్టుకోలేదు. సేటు పేరు ఎత్తలేదు, ఎత్తితే రాజేశమన్న పని పోతుంది. ఇంకొకసారి చూడండి అని మాత్రమే అడిగింది.

పద్ధతి ఇది. అరుగు వెనక గోడకు మేకులు కొట్టారు. పరీక్షించదలచిన ప్రతి ఇల్లూ ముందే, పదిమంది చూస్తుండగా, ఒకే ఒక జత తేవాలి. చెరో లాటుదిగా తనకు ఖాయంగా తెలిసిన రెండు కోన్‌లు. పాత లాటుదాని గొట్టంలో శెనగ, కొత్తదాంట్లో చింతగింజ కదలకుండా కుక్కి, కాగితం అంటించి మూసి, జతను తన ఇంటి ముడితో కట్టి మేకుకు వేలాడదీయాలి. పరీక్ష ఆ జతతోనే. చాటుకు పోయి అందులో ఏదో ఒకటి తీసి ఇవ్వవచ్చు, ఎన్నిసార్లైనా ఇవ్వవచ్చు, ఎంతమందైనా ఒకేసారి అడగవచ్చు. గోడ మీద లేని కోన్ వదిన ముట్టుకోదు. పైగా ఒక ఇంటికి ఒకటే ముడి, ఒక ముడికి ఒకటే జత. మనుషులు నలుగురు వచ్చారా నలభైమంది వచ్చారా అనేదానితో పని లేదు.

ఈసారి కరెంటు కోసం ఎదురుచూశాం, అది పోవడం కోసం. పోయింది. నిశ్శబ్దం పడగానే గుంపు వచ్చింది. గోడ మీద రంగురంగుల ముడులు. వదిన గోడవైపు తిరగడం, కొంగు కప్పుకోవడం, చెప్పడం. ఒకరి కోన్ ఒళ్ళో ఉండగానే ఇంకొకరు అందిస్తున్నారు, ఒకరికి జవాబు వచ్చేలోపు ఇంకొకరు అరుస్తున్నారు. మొన్నటికంటే గందరగోళం ఎక్కువే. ఆసాములు కోన్ వెనక్కి తీసుకొని గొట్టంలోని కాగితం చెదరలేదని చూసి, విప్పి చూసుకుంటున్నారు. శెనగ అన్నచోట శెనగే. చింతగింజ అన్నచోట చింతగింజే. నేను ఒక్కో గింజా లెక్కపెట్టుకుంటున్నాను. ఆ రోజు వడాపావ్ తేవాలని కూడా తోచలేదు.

అప్పుడు మల్లేశం సేటు వచ్చాడు. వెనక ఆ నలుగురైదుగురు, వాళ్ళ చేతుల్లో కోన్‌లు. వదిన గోడ చూపింది. ఆ మనుషులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు, వాళ్ళలో ఎవరికీ సొంత ముడి లేదు. సేటుకు ఉంది. నీలం, పసుపు. ఆయన నవ్వుతూ రెండు కోన్‌లు తీసుకున్నాడు, పూజ తెచ్చిన పళ్ళెంలోంచి ఒక శెనగా ఒక చింతగింజా తీసుకున్నాడు. మేకు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు.

మొన్న వేరుచేయించుకున్న బస్తా అప్పటికే నేతలో కలిసిపోయింది. చేతిలో ఉన్నవి కొత్త బస్తావి. ఏ గొట్టంలో ఏ గింజ పెట్టాలో ఆయనకే తెలియదు. అసలు ఆ రెండూ వేర్వేరు లాట్లవేనా అన్నది కూడా తెలియదు. గల్లీ మొత్తం చూస్తోంది. మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి ఎవరు గొంతు సవరించుకున్నా వినపడుతోంది. రాజేశమన్న జనం చివర్న నిలబడి నేలచూపులు చూస్తున్నాడు.

నేనైతే ఆ అవకాశం వదిలేదాన్ని కాదు. మొన్నటి నవ్వుకు నవ్వు బాకీ తీర్చేదాన్ని. వదిన లేచి వెళ్ళి ఆయన చేతిలోని గింజలు రెండూ తీసి పళ్ళెంలో వేసింది.

"తెల్వకపోతే ఇటియ్యి సేటు. తెల్సినదాన్ని అడిగితే గది పరీక్ష. తెల్వనిదాన్ని అడిగితే గది పని. పనికి నేను కూసున్న గదా."

సేటు కోన్‌ల వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. ఆయన మెడ కందిపోయింది. తర్వాత మెల్లగా, తన మనుషులకు వినపడేలాగే అన్నాడు.

"బస్తా పంపిస్త సుగుణక్కా. అందరితో పాటే నా పగార్ హిస్సా గూడ రాసుకోండ్రి."

కరెంటు వచ్చింది. గల్లీ అంతా మళ్ళీ మోగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరూ మగ్గాల దగ్గరికి పరుగెత్తారు. అరుగు మీద వదినా నేనూ మిగిలాం. మాన్కోలి ముకద్దానికి ఫోన్ చేసి, తన భార్య సోమవారం రావడం లేదని రాజేశమన్న షెడ్డు గుమ్మంలోంచి అరిచి అరిచి చెబుతున్నాడు. అవతలివాడికి వినపడిందో లేదో.

వాపసు

బయల్దేరే రోజు వదిన ఎడమ చేత్తో సర్వపిండి తట్టింది. ఒక పక్క మందం, ఒక పక్క పల్చన, కొంచెం మాడింది కూడా. చిన్నప్పటి రుచి అదే. కడుపు నిండాక అసలు ప్రశ్న మళ్ళీ అడిగాను. ఇన్నాళ్ళు పక్కనే కూర్చున్నాను, ఇన్ని కోన్‌లకు జవాబులు విన్నాను. పెదవికి రాసి చూస్తుందా, చెవి దగ్గర దారం మీటి వింటుందా, వాసన చూస్తుందా? ఏ ఒక్కటీ నాకు అంతుపట్టలేదు. ఆమెకు తెలుసన్నది మాత్రం రెండూ రెండూ నాలుగంత ఖాయంగా తెలుసు. నా అధ్యాయం మొదట్లో ఒక నిర్వచనం ఉంది, అది సరిగ్గా ఇదే. ఆ నిర్వచనాన్ని ఎంతోమంది పిల్లలకు చెప్పాను గానీ, అందులో నేనే నిలబడటం ఇదే మొదటిసారి.

వదిన చెప్పలేదు. నా సంచిలో రెండు కోన్‌లు పెట్టింది. ఒకటి ఒక లాటు, ఒకటి ఇంకో లాటు, పోయి మీ పిల్లలకు చూపించుకో అంది.

చూపించాను. క్లాసులో అందరూ తిప్పి తిప్పి చూశారు. పట్టి చూశారు, గీకి చూశారు, ఒకడు నాలుకతో కూడా చూశాడు. తేడా ఎవరికీ దొరకలేదు, నాకూ దొరకలేదు. ఇంతకీ ఏది ఏదో వదిన నాకు చెప్పనే లేదని అప్పుడు గుర్తొచ్చింది. పిల్లల ముందే స్పీకరు పెట్టి ఫోన్ చేశాను. వెనక మగ్గాల హోరు, దాని మీదుగా వదిన గొంతు. ఎడమ చేతిలోది శెనగా చింతగింజా అని అడిగాను.

"గట్ల ఎట్ల చెప్త శారదా," అంది వదిన. "ముందుగాల నీ ముడి తెచ్చి మా గోడకు కట్టు."